నారుమడి ఎక్కడ? తెలుగునాట కథోలిక గురువిద్య చరిత్ర

లాటిన్ భాషలో 'సెమినారియుం' అనే మాటకు నారుమడి అని అర్థం. గురుత్వానికి రావలసిన యువకులను ఒకచోట చేర్చి, లేత నారువలె కాపాడి, కొన్ని సంవత్సరాలు పెంచి, ఆ తరువాత విశ్వాసుల మధ్య నాటాలనేది ఆ పేరులోని భావం. క్రీ.శ. 1563లో ట్రెంటు మహాసభ ప్రతి మేత్రాసనానికీ ఇటువంటి విద్యాలయం ఉండాలని శాసించింది. అంతకుపూర్వం ఐరోపాలో గురువులలో కొందరు విశ్వవిద్యాలయాల్లో చదువుకునేవారు. అనేకులు పెద్ద గురువు వెంట తిరిగి పూజావిధులు నేర్చుకునేవారు. ఈ అస్తవ్యస్తతను తొలగించడానికి ఏర్పడిన వ్యవస్థ తరువాతి నాలుగు శతాబ్దాలలో ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ విద్యాలయంలో ప్రధానంగా బోధించే శాస్త్రాలు రెండు. మొదటిది తత్త్వశాస్త్రం. తర్కం, జ్ఞానమీమాంస, సత్తామీమాంస, నీతిశాస్త్రం దాని అంగాలు. రెండవది దైవశాస్త్రం. వేదగ్రంథ వ్యాఖ్యానం, సిద్ధాంతం, నీతి, శ్రీసభ చరిత్ర, పూజావిధులు, ధర్మశాసనం అందులో చేరతాయి. 1983 నాటి శ్రీసభ ధర్మశాసన సంహిత ఈ రెంటికీ కలిపి కనీసం ఆరు సంవత్సరాలు నిర్ణయించింది: తత్త్వశాస్త్రానికి రెండు, దైవశాస్త్రానికి నాలుగు. తత్త్వం తెలియనివాడు దైవాన్ని గురించి పొందికగా ఆలోచించలేడనే నమ్మకం ఈ క్రమానికి మూలం. మన సంప్రదాయంలో తర్కవ్యాకరణాలు చదివిన తరువాతనే వేదాంతంలో ప్రవేశించడం వంటిదే ఇది.

తెలుగుదేశంలో కథోలిక మతచరిత్ర నాలుగు శతాబ్దాలకు పైబడినది. ఐనా తెలుగువారికోసం నారు పోసిన మడి చాలాకాలం తెలుగునేలపై లేదు. గోవాలో ఉంది, రోములో ఉంది, పుదుచ్చేరిలో ఉంది, సింహళంలోని కాండీలో ఉంది, బెంగుళూరులో ఉంది. అది తెలుగునేలకు వచ్చేసరికి ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధం నడుస్తోంది. ఈ ఆలస్యానికి కారణాలేమిటి, మడి వచ్చిన తరువాత కూడ మిగిలిన ప్రశ్న ఏది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. మన సరిహద్దున ఉన్న బస్తరు ప్రాంతానికి నేడు అదే ప్రశ్న ఎదురవుతున్నందువల్ల దీనికి కేవలం గతచరిత్రగా మాత్రమే గాక వర్తమాన ప్రాముఖ్యం కూడ ఉన్నది.

గోవా, చంద్రగిరి, గోల్కొండ

భారతదేశంలో ఈ తరహా విద్యకు తొలిస్థానం గోవా. 1540ల ఆరంభంలో అక్కడ వెలసిన విద్యాలయం సెయింట్ పాల్ కళాశాలగా ప్రసిద్ధికెక్కింది. ట్రెంటు శాసనానికి సుమారు రెండు దశాబ్దాలు ముందే ఆసియా ఖండంలో ఇటువంటి ప్రయత్నం జరగడం గమనార్హం. 1556లో భారతదేశపు మొదటి ముద్రణాయంత్రం నెలకొన్నది కూడ ఈ కళాశాలలోనే. మలబారు తీరంలో 1580లలో వైపికోటలో మరొక విద్యాలయం ఏర్పడింది. అక్కడి తోమా క్రైస్తవుల పూజాభాష సిరియక్ గనుక ఆ భాషకు అందులో స్థానం లభించింది.

1598లో యేసుసభ గురువులు చంద్రగిరిలో వెంకటపతిరాయల ఆస్థానానికి వచ్చారు. వారిలో తెలుగు నేర్చినవారూ ఉన్నారు. రాయలు వారిని ఆదరించారు. అయితే ఆ ఆదరణకు పోర్చుగీసువారితో ఉన్న రాజకీయ సంబంధాలు ఆధారం. ఆ సంబంధాలు మారగానే వారి ప్రయత్నమూ సన్నగిల్లింది.

దేశీయులు గురువులు కావచ్చునా, పీఠాధిపతులు కావచ్చునా అనే ప్రశ్న ఆ కాలంలో ఎంత కఠినంగా ఉండేదో తెలుసుకోవడానికి మత్తేయు డి కాస్ట్రో జీవితం చాలు. ఆయన గోవాకు చెందిన బ్రాహ్మణ కుటుంబీకుడు. స్వదేశంలో గురుత్వానికి దారి దొరకక రోముకు వెళ్లి అక్కడ చదువుకుని గురువైనారు. 1637లో పీఠాధిపతిగా అభిషిక్తులైనారు. లాటిన్ సంప్రదాయంలో తొలి భారతీయ పీఠాధిపతి ఆయనే. బీజాపూరు రాజ్యానికి నియమితులైన ఆయన అధికారపరిధిలోకి తరువాత గోల్కొండ కూడ వచ్చింది. ఈ విధంగా, తెలుగుదేశంలో ఒక భాగానికి పదిహేడవ శతాబ్దిలోనే ఒక భారతీయుడు పీఠాధిపతిగా పేర్కొనబడినాడు. ఆచరణలో గోవా అధికారులు ఆయనకు అడుగడుగునా అడ్డు తగిలారు. చివరకు ఆయన రోములోనే కన్నుమూశారు.

ఈ అనుభవం వ్యర్థం కాలేదు. 1658లో రోము అధికారులు ఫ్రెంచి గురువులను కొందరిని ఆసియాకు పీఠాధిపతులుగా నియమించి, దేశీయ గురువులను తయారు చేయడమే వారి ప్రథమ కర్తవ్యమని ఆదేశించారు. ప్రజల ఆచారాలు మతానికీ నీతికీ విరుద్ధం కానంతవరకు వాటిని మార్చవద్దనీ, ఐరోపా దేశాలను ఆసియాకు మోసుకుపోవద్దనీ 1659లో వారికి స్పష్టంగా తెలియజేశారు. ఈ పునాదిపై ఏర్పడినదే పారిస్ విదేశీ మిషన్ సంస్థ. తెలుగువారి గురువిద్యతో ఈ సంస్థకు గాఢమైన సంబంధం ఉన్నది. దానిని గురించి చెప్పే ముందు, పద్దెనిమిదవ శతాబ్దిలో తెలుగుభాషలో జరిగిన ఒక ముఖ్య పరిణామాన్ని ప్రస్తావించాలి.

విద్యాలయం కంటె ముందు పుట్టిన మాటలు

పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ అనే పేరుతో పుదుచ్చేరి నుంచి ఉత్తరాభిముఖంగా వచ్చారు. పుంగనూరు, కృష్ణాపురం, మదిగుబ్బ మొదలైన స్థలాలు వారి కేంద్రాలు. సన్న్యాసుల వేషధారణతో, శాకాహారనియమంతో వారు సంచరించారు. రాయలసీమలో వారి బోధనను స్వీకరించిన రెడ్డి కుటుంబాలలో కొన్ని యుద్ధాలవల్ల, కరవులవల్ల ఉత్తరానికి తరలి, గుంటూరు ప్రాంతంలో స్థిరపడినాయి.

ఈ గురువులలో గాస్తోన్ లోరాం కేర్దూ భాషాశాస్త్ర చరిత్రలో ప్రత్యేకంగా స్మరణీయులు. ఆయన తెలుగు, సంస్కృతాలను క్షుణ్ణంగా అభ్యసించి నిఘంటురచన చేశారు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ గల సంబంధాన్ని 1767లో పారిస్ పండితులకు లేఖాముఖంగా తెలియజేశారు. విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసిద్ధ ప్రసంగం 1786 నాటిది.

ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంతరసాయనం' అనే పద్యకావ్యం రచించారు. క్రీస్తు చరిత్రను ప్రబంధఫక్కిలో చెప్పిన ఈ కావ్యం తన పేరులోనే ఒక సంగతిని తెలియజేస్తుంది. తెలుగు పాఠకునికి పరిచితమైన 'వేదాంత' శబ్దాన్ని కవి నిస్సంకోచంగా తీసుకుని కొత్త విషయానికి అన్వయించారు. తెలుగు సాహిత్య సంప్రదాయం కొత్త మతాన్ని గురించి చెప్పడానికి అశక్తం కాదని ఈ కావ్యం నిరూపించింది.

కావ్యాల్లోనే గాక నిత్యవ్యవహారంలోనూ ఒక పదజాలం రూపుదిద్దుకుంది. దేవునికి సర్వేశ్వరుడు, బాప్తిస్మానికి జ్ఞానస్నానం, మతబోధకు జ్ఞానోపదేశం, దైవానుగ్రహానికి వరప్రసాదం, పూజలో స్వీకరించే అప్పానికి దివ్యసత్ప్రసాదం, గ్రామాల్లో బోధించేవానికి ఉపదేశి, గురువు బాధ్యత వహించే మండలానికి విచారణ అనే పేర్లు స్థిరపడినాయి. సంస్కారాలను పూర్వం 'దేవద్రవ్యానుమానములు' అనేవారు. ఇది తమిళ క్రైస్తవుల నుంచి వచ్చిన మాట. పీఠాధిపతి మండలాన్ని మేత్రాసనం అనడం దక్షిణాది క్రైస్తవుల 'మెత్రాన్' శబ్దాన్ని గుర్తుకు తెస్తుంది. సంస్కృత తమిళ సిరియక్ ధాతువులు కలిసిన ఈ పదసంపద తెలుగు కథోలికుల నోట నేటికీ వినిపిస్తుంది. దీనిని ఏ విద్యాలయమూ నిర్ణయించలేదు. విదేశీ గురువులూ, దేశీయ ఉపదేశులూ, కవులూ కలిసి పల్లెల్లో, పందిళ్లలో దీనిని తయారుచేశారు.

కనుక దైవశాస్త్రం చెప్పడానికి తెలుగులో మాటలు లేవని ఎవరైనా అంటే, ఆ వాదానికి చరిత్రలో ఆధారం లేదు. మాటలు ఉన్నాయి, మాటలు చేయగలవారూ ఉన్నారు. వారు కూర్చుని శాస్త్రం చదువుకోవడానికి తెలుగునాట ఒక పెద్ద విద్యాలయం మాత్రం ఆ శతాబ్దిలో వెలియలేదు.

పుదుచ్చేరి, 1844

1773లో పోపు ఉత్తరువువల్ల యేసుసభ రద్దయింది. 1776లో పుదుచ్చేరి మిషన్ బాధ్యతను పారిస్ విదేశీ మిషన్ సంస్థ స్వీకరించింది. ఈ సంస్థవారు 1665లోనే సయాం రాజధాని అయుత్తయలో ఆసియావాసులకోసం గురువిద్యాలయం స్థాపించి ఉన్నారు. 1767లో బర్మా సైన్యాలు అయుత్తయను నాశనం చేయగా ఆ విద్యాలయం దేశదేశాలు తిరిగి 1770లో పుదుచ్చేరి సమీపాన వీరాంపట్నం చేరుకుంది. అక్కడ ఒక దశాబ్ది పైగా నడిచి మూతపడి, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో పెనాంగులో పునరుద్ధరణ పొందింది. పుదుచ్చేరిలోనే దేశీయులకోసం ఏర్పడిన మరొక గురువిద్యాలయం 1778ని తన ఆరంభ సంవత్సరంగా లెక్కిస్తుంది. సెయింట్ పీటర్స్ పేరుతో దక్షిణభారతంలో సుప్రసిద్ధమైన సంస్థ అదే.

దీని చరిత్రలో మలుపు తెచ్చినవారు క్లెమాం బొన్నాన్. 1824లో భారతదేశానికి వచ్చిన ఈ ఫ్రెంచి గురువు కొన్ని సంవత్సరాలు తెలుగు క్రైస్తవుల మధ్య పనిచేశారు. 1836లో పుదుచ్చేరి అధిపతి అయినారు. 1844లో తన గురువులను సమావేశపరచి పుదుచ్చేరి ధర్మసభ నిర్వహించారు. దేశీయ గురువులను తయారుచేయడమూ, అందుకు తగిన విద్యాలయాలను నెలకొల్పడమూ ఆ సభ ముఖ్యాంశాలు. ఆ నిర్ణయాలను రోముకు తీసుకుపోయిన యువగురువు ల్యుకే, దేశీయులకు పీఠాధిపత్యం కూడ ఇవ్వాలని గట్టిగా వాదించారు. 1845 నవంబరులో రోము వెలువరించిన ఆదేశపత్రం దేశీయ గురువులను కేవలం సహాయకులుగా చూసే అలవాటును ఖండించింది. విదేశీ గురువులకంటె తక్కువవారుగా వారిని ఎంచరాదనీ, ఉన్నత బాధ్యతలకు వారిని సిద్ధం చేయాలనీ శాసించింది.

బొన్నాన్ తరువాత భారతదేశంలోని మిషన్ల పరిశీలకులుగా నియమితులై దేశమంతటా పర్యటిస్తూ 1861లో కాశీలో కలరా సోకి మరణించారు. తెలుగు పల్లెల్లో తిరిగిన అనుభవం ఆయన దృష్టిని ఎంతగా తీర్చిందో ఊహించడం కష్టం కాదు. విచారణ గురువు ప్రజల భాష మాట్లాడాలంటే ఆ ప్రజలలోంచే రావాలనేది ఆయన జీవితం పొడుగునా ఆచరించిన సూత్రం.

ఆదేశం వెలువడినంతమాత్రాన ఆచరణ రాలేదు. ఆ కాలంలోనే తెలుగుదేశం వివిధ విదేశీ సంస్థల మధ్య పంపకమైంది. విశాఖపట్నం ప్రాంతానికి 1846లో సవాయ్ దేశంలోని అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు వచ్చారు. హైదరాబాదు రాజ్యంలో 1855 నుంచి మిలాన్ మిషన్‌వారు పనిచేశారు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో తరువాత ఇంగ్లండుకు చెందిన మిల్‌హిల్ సభవారు ప్రవేశించారు. ఫ్రెంచి, ఇటాలియన్, డచ్చి, ఇంగ్లీషు గురువులు తెలుగు నేర్చుకుని బోధించారు. వారి శ్రమ సామాన్యమైనది కాదు. కాని ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పరిధి ఉండటంవల్ల తెలుగువారందరికీ ఉమ్మడిగా ఒక పెద్ద గురువిద్యాలయం ఏర్పరచవలసిన బాధ్యత ఏ ఒక్కరిదీ కాకపోయింది.

లాటిన్ పాఠం, తెలుగు శ్రోత

1886లో భారతదేశంలో క్రమబద్ధమైన మేత్రాసన వ్యవస్థ ఏర్పడింది. హైదరాబాదు, విశాఖపట్నం మేత్రాసనాలైనాయి. 1893లో పోపు పదమూడవ లియో భారతదేశపు రక్షణకు భారతపుత్రులే సాధకులు కావాలనే ఆశయంతో సింహళంలోని కాండీ నగరంలో పేపల్ సెమినరీ స్థాపించారు. బెల్జియం దేశపు యేసుసభ గురువులు దానిని నిర్వహించారు. భారత, సింహళ, బర్మా దేశాల విద్యార్థులు అందులో చేరారు. 1955లో అది పూణె నగరానికి తరలివచ్చింది. ఇటు పుదుచ్చేరి విద్యాలయం 1934లో బెంగుళూరుకు మారింది. 1962లో పొంటిఫికల్ హోదా పొందింది. తెలుగు మేత్రాసనాల నుంచి తరతరాలుగా విద్యార్థులు ఈ విద్యాలయాలకు వెళ్లారు.

అక్కడి చదువు ఎటువంటిది? 1879లో పదమూడవ లియో జారీ చేసిన లేఖ తరువాత ప్రపంచమంతటా గురువిద్యాలయాల్లో అక్వినాసు తోమా తత్త్వమే ప్రమాణమైంది. ఆ పాఠ్యగ్రంథాలు లాటిన్‌లో ఉండేవి. పరీక్షలూ లాటిన్‌లోనే జరిగేవి. గుంటూరు మండలపు రైతుబిడ్డ మొదట లాటిన్ వ్యాకరణం నేర్చి, ఆ భాషలో కార్యకారణ సంబంధాన్ని, ఆత్మ అమరత్వాన్ని చర్చించి, పది పన్నెండు ఏండ్ల తరువాత తిరిగివచ్చి మిరపచేలలో పనిచేసే కూలీలకు తెలుగులో ప్రసంగించాలి. ఇల్లు విడిచినప్పటి తెలుగు బాలుని తెలుగు. తిరిగివచ్చిననాటి జ్ఞానం పండితుని జ్ఞానం. ఈ రెంటినీ కలిపే వంతెన పాఠ్యక్రమంలో లేదు. ఎవరి వంతెన వారే కట్టుకోవలసి వచ్చింది.

ఇతర క్రైస్తవశాఖల అనుభవంతో పోల్చి చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. అమెరికన్ బాప్టిస్టులు 1870లలో రామాయపట్నంలో స్థాపించిన బోధకుల విద్యాలయం తెలుగు బోధకులకు తెలుగులోనే శిక్షణ ఇచ్చింది. వారి చదువు సంక్షిప్తమైనదే. కాని శ్రోతకూ బోధకునికీ భాష ఒక్కటే. దోర్నకల్లులో 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ పీఠాధిపతి అయి, గ్రామబోధకుల శిక్షణకు జీవితాన్ని అర్పించారు. ఈ ధారలలో కొన్ని కలిసి 1964లో రాజమహేంద్రవరంలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పడింది. అది తరువాతి దశాబ్దిలో హైదరాబాదుకు తరలింది. కథోలికుల చదువు దీర్ఘమైనది, ప్రపంచస్థాయి కలది. అందుకు చెల్లించిన మూల్యం మాతృభాష.

కాండీ, బెంగుళూరుల చదువు నిష్ఫలమైందని దీని అర్థం కాదు. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడగా పోతకమూరి తోమాసుగారు దాని తొలి పీఠాధిపతి అయినారు. తెలుగువారిలో ఈ పదవిని పొందిన మొదటి వ్యక్తి ఆయన. 1942లో ఆయన బెంగుళూరుకు బదిలీ అయి 1968 వరకు అక్కడ పీఠాధిపతిగా, 1953 నుంచి అగ్రపీఠాధిపతిగా సేవచేశారు. ఏ నగరానికి తెలుగు యువకులు చదువుకోసం వెళ్లవలసి వచ్చిందో ఆ నగరానికి ఒక తెలుగువాడు అధిపతి కావడం, 1845 నాటి ఆదేశం దాదాపు ఒక శతాబ్దికి ఫలించడం.

రామంతాపూరు

1962 ఫిబ్రవరిలో పోపు ఇరవై మూడవ యోహాను, ప్రధాన శాస్త్రాలను లాటిన్‌లోనే బోధించాలని ఒక శాసనం వెలువరించారు. అదే సంవత్సరం అక్టోబరులో ఆయనే ప్రారంభించిన రెండవ వాటికన్ మహాసభ ఆ శాసనాన్ని ఆచరణలో వెనుకకు నెట్టింది. 1963 డిసెంబరులో పూజాభాషగా ప్రజల భాషలకు తలుపు తెరిచింది. 1965 అక్టోబరులో గురువిద్యపై ప్రత్యేక నిర్ణయం చేసింది. తత్త్వశాస్త్రాన్ని బోధించేటప్పుడు ప్రాచీన వారసత్వంతోపాటు ఆధునిక తత్త్వచింతనను, విశేషించి ఆయా దేశాలలో ప్రభావం కలిగిన చింతనను పరిగణించాలని అందులో ఉన్నది. శంకర రామానుజుల పేర్లు గురువిద్యాలయపు తరగతిగదిలోకి నిస్సంకోచంగా రావడానికి ఇది అవకాశం కల్పించింది.

అప్పటికి తెలుగు మేత్రాసనాల సంఖ్య పెరిగింది. నెల్లూరు 1928లో, బెజవాడ 1937లో, గుంటూరు 1940లో, వరంగల్లు 1952లో ఏర్పడినాయి. 1953లో హైదరాబాదు అగ్రపీఠమై జోసెఫ్ మార్కు గోపుగారు తొలి అగ్రపీఠాధిపతి అయినారు. ఆ తరువాత కర్నూలు 1967లో, నల్లగొండ, కడప, ఏలూరు 1976లో, ఖమ్మం 1988లో, శ్రీకాకుళం 1993లో మేత్రాసనాలైనాయి. ఇన్ని మండలాలకు గురువులు కావలసి ఉండగా పొరుగు రాష్ట్రాలపై ఆధారపడటం ఇక సాధ్యం కాదు. ఆంధ్రప్రదేశ్ పీఠాధిపతులు ఉమ్మడిగా 1960లలో సెయింట్ జాన్స్ రీజినల్ సెమినరీని నెలకొల్పారు. హైదరాబాదులోని రామంతాపూరులో దాని దైవశాస్త్ర విభాగం, విశాఖ సమీపాన కొండడాబలో తత్త్వశాస్త్ర విభాగం పనిచేస్తున్నాయి. సన్న్యాససభల విద్యార్థులకోసం ఏలూరు సమీపాన జానంపేటలో విజ్ఞాననిలయం అనే తత్త్వశాస్త్ర సంస్థ వెలిసింది.

నారుమడి ఎట్టకేలకు తెలుగునేలకు వచ్చింది. దానితో వచ్చిన మేలు తక్కువది కాదు. విద్యార్థి చదువుకునే కాలంలోనే ఆదివారాలు సమీప విచారణలకు వెళ్లి తెలుగులో బోధించగలడు. ఆయా మేత్రాసనాల యువకులు కలిసి పెరగడంవల్ల కోస్తా, రాయలసీమ, తెలంగాణల గురువుల మధ్య పరిచయం ఏర్పడింది.

కాని లాటిన్ ఖాళీచేసిన పీఠంలో ప్రధానంగా కూర్చున్నది ఇంగ్లీషు. 1983 ధర్మశాసన సంహిత 249వ సూత్రం గురువిద్యార్థులకు మాతృభాషను శ్రద్ధగా నేర్పాలనీ, లాటిన్‌లోనూ తగిన ప్రవేశం కలిగించాలనీ చెబుతుంది. మాతృభాషకు మొదటిస్థానం ఇచ్చిన ఈ క్రమాన్ని పాటించాలంటే తెలుగులో తత్త్వ, దైవశాస్త్ర గ్రంథాలు కావాలి. ఈ దిశలో వ్యక్తులు చేసిన కృషి ఉన్నది. యేసుసభకు చెందిన పూదోట జోజయ్యగారు బైబులు అనువాదంలోనూ, వ్యాఖ్యానంలోనూ చేసిన సేవ తెలుగు కథోలికులు మరువలేనిది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తత్త్వశాస్త్రంలో కళాశాల పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఆ పదకోశం ఒక చేతిలో, సర్వేశ్వర వరప్రసాదాది పదాల పల్లె వారసత్వం మరొక చేతిలో పట్టుకుని శాస్త్రగ్రంథం వ్రాయవలసిన బాధ్యత ఇంకా చాలవరకు మిగిలే ఉన్నది. ఇది ఒక్క గురువిద్యాలయపు లోపం కాదు. వైద్యం, న్యాయం, సాంకేతికశాస్త్రాల ఉన్నతవిద్యలోనూ తెలుగు స్థితి ఇదే. 2008లో ప్రాచీనభాషగా గుర్తింపు పొందిన భాషకు ఆధునిక శాస్త్రబోధనలో స్థానం కల్పించడం విధాననిర్ణేతల ఎదుట ఉన్న సమస్య.

మడిలో ఎవరి నారు

గురువిద్య చరిత్రలో భాషతోపాటు సాగిన మరొక ప్రశ్న కులం. పద్దెనిమిదవ శతాబ్దిలో రెడ్డి, కమ్మ కుటుంబాలు ముందు చేరాయి. పందొమ్మిది, ఇరవై శతాబ్దాలలో మాల, మాదిగ పేటల నుంచి విశ్వాసులు అత్యధికంగా వచ్చారు. విశ్వాసులలో దళితులు అధికసంఖ్యాకులైనా గురువులలో, అధిపతులలో వారి సంఖ్య అందుకు దీటుగా పెరగలేదు. దీర్ఘకాలం ఇంటికి దూరంగా, పరభాషలో సాగే చదువు పాఠశాల లేని పేట బాలునికి ఎంత దుర్గమమో చెప్పనవసరం లేదు. 2000లో మారంపూడి జోజిగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు దేశంలో ఆ పదవి పొందిన తొలి దళితునిగా పత్రికలు పేర్కొన్నాయి. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతకు ఒక విధానపత్రం ప్రకటించింది. అందులో వివక్ష ఉన్నదని బహిరంగంగా అంగీకరించడం ముఖ్యాంశం. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినారు. దళితులలోనూ, తెలుగువారిలోనూ ఈ గౌరవం పొందిన మొదటివారు ఆయన. ఆయన గురువిద్య సాగినది, పుదుచ్చేరిలో పుట్టి బెంగుళూరు చేరిన సెయింట్ పీటర్స్ విద్యాలయంలోనే.

బస్తరు ప్రశ్న

ఈ చరిత్రను బస్తరు వైపు నుంచి చూడటం ఉపయుక్తం. ఓరుగల్లు పతనం తరువాత కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించినాడని ప్రతీతి. కొంట, భూపాలపట్నం ప్రాంతాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. దోర్లా జనం గోదావరి, శబరి పరీవాహక ప్రాంతాల్లోని కోయలకు బంధువులు. మతమండలాల పటంలో సైతం ఈ సంబంధం కనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దిలో విశాఖపట్నం మండలం మధ్యభారతంలోకి విస్తరించి ఉండేది. 1887లో నాగపూరు మేత్రాసనం దానినుంచి విడిపడింది. 1964లో రాయపూరు వేరయింది. 1972లో బస్తరుకు జగదల్‌పూరు కేంద్రంగా సీరో మలబారు సంప్రదాయానికి చెందిన మండలం ఏర్పడి, 1977లో పూర్తి మేత్రాసనమైంది. నాటి అవిభక్త బస్తరు జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది.

దాని బాధ్యతను స్వీకరించినవారు 1831లో కేరళలోని మన్నానంలో పుట్టిన కార్మెల్ సభ గురువులు. తొలి పీఠాధిపతి పౌలినస్ జీరకత్ ఆ సభవారే. ఆ సభ తన గురువిద్యాలయాన్ని 1957లో బెంగుళూరుకు మార్చి ధర్మారాం అని పేరుపెట్టుకుంది. తత్త్వ, దైవశాస్త్రాల బోధనలో అది అంతర్జాతీయ ఖ్యాతి గడించింది. తెలుగు విద్యార్థి పోయిన నగరమే బస్తరుకు వచ్చే గురువుకూ విద్యాక్షేత్రం కావడం చరిత్రలోని ఒక సామ్యం. తెలుగునేలపై ఆదిలాబాదులో 1999లో ఏర్పడిన మేత్రాసనం కూడ ఇదే సభ కృషిఫలం.

బస్తరులో హల్బీ, గోండీ, దోర్లీ, భత్రీ, ధుర్వా భాషలు మాట్లాడే జనం ఉన్నారు. కేరళలో పుట్టి, బెంగుళూరులో ఇంగ్లీషులో తత్త్వం చదివి, హిందీ నేర్చుకుని, గోండీ పల్లెకు చేరిన గురువు స్థితి, సవాయ్ నుంచి విశాఖ చేరిన గురువు స్థితికి ఎంతో భిన్నమైనది కాదు. ఆ పల్లెలో పుట్టిన యువకుడు గురువు కాదలచితే అతని ముందున్న దూరం, నాడు కాండీకి ప్రయాణమైన తెలుగు యువకుని దూరం కంటె తక్కువది కాదు. తెలుగుకు లిపి, కావ్యం, శాస్త్రపరిభాష ఉన్నాయి. గోండీకి ఆ వనరులు పరిమితం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000లో ఏర్పడిన తరువాత కూడ విద్యావ్యవస్థలో ఈ భాషలకు తగిన స్థానం దొరకలేదు.

ఈ సందర్భంలో వెరియర్ ఎల్విన్‌ను స్మరించాలి. ఆయన ఆక్స్‌ఫర్డులోని వైక్లిఫ్ హాల్ అనే గురువిద్యాలయంలో ఉపాధ్యక్షులుగా దైవశాస్త్రం బోధించినవారు. 1927లో భారతదేశానికి వచ్చి, 1935లో తమ మతసంస్థనుంచి వైదొలగి, 1940లలో బస్తరు మురియా జనం మధ్య పరిశోధన చేశారు. వారి ఘోటుల్‌ను గురించిన బృహద్గ్రంథాన్ని 1947లో ప్రచురించారు. యువతీయువకులు కలిసి నివసిస్తూ పని, క్రమశిక్షణ, ఆటపాటలు, పరస్పర బాధ్యత నేర్చుకునే ఆ వ్యవస్థను ఆయన ఒక విద్యాసంస్థగా గుర్తించారు. ఎల్విన్ నిర్ణయాలతో అందరూ ఏకీభవించనక్కరలేదు. బోధించడానికి వచ్చినవాడు ముందు శ్రోత కావాలని ఆయన చూపిన క్రమం మాత్రం ఏ గురువిద్యాలయానికైనా పాఠ్యాంశం కాదగినది. ఆ నేలలో ఇదివరకే ఒక నారుమడి ఉన్నదనే ఎరుక అందులో ఉన్నది.

తెలుగువారి అనుభవం బస్తరుకు రెండు సంగతులు తెలియజేస్తుంది. దేశీయ గురువులు కావాలనే ఆదేశం ఎంత స్పష్టంగా ఉన్నా, విద్యాలయం ఆ నేలకు రానంతకాలం అది కాగితంమీదనే నిలుస్తుంది. 1845కూ 1940కీ మధ్య గడచిన తొంభై అయిదేండ్లు అందుకు సాక్ష్యం. విద్యాలయం వచ్చిన తరువాత కూడ బోధనాభాష మారకపోతే పని సగమే పూర్తవుతుంది; రామంతాపూరు అనుభవం దీనికి నిదర్శనం. గొప్ప ప్రశ్నలను, అంటే మరణం, న్యాయం, దైవం, దుఃఖం వంటివాటిని తల్లిభాషలో శాస్త్రీయంగా ఆలోచించే హక్కు ప్రతి జాతికీ ఉన్నది. దానిని కోల్పోయిన జాతి ప్రార్థన ఒక భాషలో, ఆలోచన మరొక భాషలో చేయవలసివస్తుంది. తెలుగుకు ఆనందకవి కాలం నుంచి ఉన్న సామర్థ్యాన్ని తరగతిగదికి చేర్చడం తెలుగు విద్యాలయాల ముందున్న పని. దోర్లీ, గోండీ, హల్బీ భాషల్లో మొదటి పారిభాషిక పదాలను ఆ పల్లెల పెద్దలతో కలిసి కూర్చుని సేకరించడం బస్తరు విద్యావంతుల ముందున్న పని. మొదటిది పూర్తిచేయగలిగితే రెండవదానికి మనం పొరుగువారిగా సాయపడగలం.